అప్పజెప్పిన పేరా: మదీనాగూడ బడిలో ఒక గురువారం

రాత్రి నుంచి ముసురు. ఆ రోజు పత్తిలో కలుపు తీయించాల్సి ఉంది. ఆరింటికి వస్తామన్న కూలీలు వాన చూసి ఎనిమిదికి వస్తామని కబురు పెట్టారు. ఆ పని ఇంట్లో అప్పగించి, బడి తాళాలు మా గణితం సార్‌కు ఇచ్చి ఐదున్నరకు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. నేను ఒక మండలంలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. చుట్టుపక్కల తొమ్మిది ప్రాథమిక బడుల బాగోగులు కూడా నా బాధ్యతే. వేరే బడి చూసి రావాలనుకునే ప్రధానోపాధ్యాయులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఈ ప్రయాణం ఇలా కుదిరింది. నిరుడు మా తొమ్మిది బడుల్లో నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు నెలనెలా చదివే పరీక్ష పెట్టాం. ఒకే పేరా, నాలుగు వాక్యాలు. తడుముకోకుండా చదివితే ఎ, ఆగి ఆగి చదివితే బి, చదవలేకపోతే సి. మార్చి వచ్చేసరికి దాదాపు అందరూ ఎ అయ్యారు. జిల్లా అధికారి ఆ పట్టిక చూసి, ఇదే పేరాను, ఇదే పద్ధతిని వచ్చే నెల నుంచి జిల్లా అంతటా పెడదామన్నారు. శనివారం సమావేశంలో దాని గురించి నేనే చెప్పాలి. చెప్పే ముందు నగరం అంచున మంచి పేరున్న ఒక బడిని చూసి రమ్మన్నదీ ఆయనే. మా దగ్గర చదివిన శ్రావణి అనే అమ్మాయి జూన్‌లో ఆ బడిలోనే చేరింది. ఆ పిల్ల రికార్డు పుస్తకం ఇంకా మా దగ్గరే ఉంది కాబట్టి అదీ సంచిలో పెట్టుకున్నాను.

సంగారెడ్డిలో బస్సు మారాలి. ముంబై రోడ్డు మీద పోయే బస్సులు పావుగంటకొకటి ఉంటాయి. ఏడింటి లోపు ఎక్కితే పటాన్‌చెరు దగ్గర పెద్దగా ఆగే పని ఉండదు. బస్సు నిండా ఆడవాళ్ళే, వాళ్ళకు టికెట్ ఉచితం. నేను డబ్బులు తీస్తుంటే కండక్టరమ్మ నవ్వింది. "పొద్దుగాల్నుంచి పైసలిచ్చి టికెట్ కొన్నోళ్లల్ల నువ్వు మూడోవాడివి సారు. జర చిల్లర ఇయ్యి." అరవై చిల్లర రూపాయలు అయింది. ఎనిమిదీ ఇరవైకి మదీనాగూడలో దిగాను.

అక్కడి నుంచి బడి కిలోమీటరున్నర లోపలికి ఉంటుంది. షేర్ ఆటోకు ఇరవై తీసుకుంటారు. డ్రైవర్‌ది నారాయణఖేడ్ దిక్కు. "ఏ టవర్ సారు?" అని అడిగాడు. సర్కారు బడి అంటే వెనక్కి తిరిగి చూశాడు. "టై గిట్ల లేదు గద, నేను సెక్యూరిటీ డ్యూటీకి కొత్తగ వచ్చిన్రనుకున్న. ఆ బడికా? మా బిడ్డ ఆణ్నే సదువుతుంది. ఆ పెద్ద మేడం ఇంట్ల ఏ కాగితముంటె ఆ కాగితం పంపమంటది. నా చలాన్ కూడ పట్కపోయిన్రు." నేను నవ్వాను. ఆయన చెప్పింది నిజమేనని తర్వాత తెలిసింది.

బడి చుట్టూ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటి వాచ్‌మెన్ల పిల్లలు, హౌస్‌కీపింగ్ పనికి, కట్టుబడి పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలు ఇందులో చదువుతారు. తొమ్మిదింటికి గంట కొట్టాక ప్రధానోపాధ్యాయురాలు రత్నకుమారి గారు వరండాలో చాప మీద ఉన్నారు, చుట్టూ అయిదుగురు పిల్లలు. ఆమెది భీమవరం వైపు, కూకట్‌పల్లిలో కాపురం. ఈ బడితో పాటు మరో ఆరు బడులను ఆమె చూసుకుంటారు. "రండి సార్, కూర్చోండి. కుర్చీలు ఆఫీసు గదిలో ఉన్నాయండి, అక్కడ పిల్లలు మాత్రం ఉండరు," అన్నారు. నేనూ చాప మీద కూర్చున్నాను.

పిల్లల చేతుల్లో పుస్తకాలు లేవు. ఒకరి దగ్గర పెళ్ళి పత్రిక, ఒకరి దగ్గర అగర్‌బత్తి డబ్బా అట్ట, ఒకరి దగ్గర ఆటో చలానా ఉన్నాయి. ఇంట్లో తెలుగు అక్షరాలున్న కాగితం ఏది దొరికితే అది తేవాలట. రోజూ మొదటి అరగంట ఆమె స్వయంగా అయిదుగురిని చదివిస్తారు. ఆ అరగంటలో ఫోను ఎత్తరు. నెలకోసారి ఒక బడి పిల్లలను ఇంకో బడి టీచరు వచ్చి పరీక్షిస్తారు. ఏ కాగితం తెస్తారో ఎవరికీ ముందు తెలియదు.

నేను మా పద్ధతి చెప్పాను. ఆమె అంతా విని, "పేరా ఎప్పుడు మారుస్తారండీ?" అని అడిగారు. మార్చమని చెప్పాను. మారిస్తే ఏ నెలలో ఎంత పెరిగిందో ఎలా పోలుస్తాం అన్నాను. కొలిచే కర్ర ఒకటే ఉండాలని మా సమావేశంలో నేను చెప్పిన మాటే ఆమెకూ చెప్పాను. ఆమె వాదించలేదు. శ్రావణిని పిలిపించారు.

శ్రావణి నన్ను గుర్తుపట్టి దండం పెట్టింది. సంచిలోంచి మా పేరా కాగితం తీసి ఇచ్చాను. "కోడిపిల్ల గింజ కోసం పెరడంతా తిరిగింది. గింజ దొరకలేదు," అని మొదలుపెట్టింది. ఎక్కడా తడబాటు లేదు. రెండో వాక్యం దగ్గర రత్నకుమారి గారు చెయ్యి చాపి కింది రెండు వాక్యాలను అరచేత్తో మూసేశారు. శ్రావణి ఆగలేదు. "వాన మొదలైంది. కోడిపిల్ల తల్లి రెక్క కిందికి చేరింది." అది చెబుతున్నప్పుడు కాగితం వైపు కాదు, నా వైపు చూస్తోంది.

తర్వాత రత్నకుమారి గారు ఆ పిల్లకు ఒక చీటీ ఇచ్చారు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది తలుపుకు అంటించింది అది. "మోటారు రిపేరు. సాయంత్రం నీళ్ళు రావు." అంతే ఉంది అందులో. శ్రావణి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా నాతో అంది, "సార్, గిది మన పేరా కాదు."

నిరుడు అక్టోబరులో, మా తొమ్మిది బడుల్లో ఒకదాంట్లో టీచరైన శ్యామల మేడం ఒక మాట అన్నారు. "సార్, పేరా పిల్లలకు నోటికి వచ్చేసింది." నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. బాగా కష్టపడ్డారని అందరి ముందు చప్పట్లు కొట్టించాను. ఆమె చెప్పింది వేరే సంగతి అని మదీనాగూడలో చాప మీద కూర్చున్నాక అర్థమైంది.

మధ్యాహ్నం అన్నం, పప్పు, కోడిగుడ్డు. వండేది యాదమ్మ. "సారు సరిగ తింటలేడు. నా పప్పు బాగలేదా, ఇయ్యాల మా మేడం గిట్ట తిట్టిందా?" అంది. తిట్టలేదన్నాను. "మరి ఏంది ఫికర్? తినిండ్రి. తిట్టేది రెండింటికి, మీటింగుల," అని ఇంకో గరిటె వేసింది.

రెండింటికి ఆరు బడుల ప్రధానోపాధ్యాయులు వచ్చారు. ఎవరూ మార్కుల పట్టిక తేలేదు, తేవడం అక్కడ నిషేధం. ప్రతి ఒక్కరూ తమ బడిలో ముందుకు కదలని ఒక్క పిల్ల నోటుబుక్కు తెచ్చారు. దాన్ని అందరూ చేతులు మార్చుకుని చూస్తారు. ఒక పిల్ల నోటుబుక్కులో బోర్డు మీది అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి, సొంతంగా రాసిన వాక్యం ఒక్కటీ లేదు. "మనం రాయించింది బొమ్మ సార్, రాత కాదు," అన్నారు ఒకాయన. ఆ పిల్లకు వచ్చే నెల లోపు ఎవరు, ఏ గంటలో, ఏం చేయాలో అక్కడే రాసుకున్నారు. పై నెల అదే నోటుబుక్కు మళ్ళీ తేవాలి.

చివర్లో రత్నకుమారి గారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను వస్తున్నానని వాళ్ళకు ముందే చెప్పి ఉంచారు. సంచిలో నా పట్టిక ఉంది, శనివారం కోసం రాసుకున్న నాలుగు పేజీలూ ఉన్నాయి. వాటిని బయటికి తీయలేదు. "మా పిల్లలు చదవడం లేదు. అప్పజెపుతున్నారు. అది నాకు ఈ పొద్దునే తెలిసింది," అన్నాను. తర్వాత ఒకాయన అన్నారు, "మీది పేరా, మాది పాట ఉండె సార్. రెండేండ్లు పాడించినం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడుంబావుకు శ్రావణి తల్లి సుగుణ వచ్చింది. రాయదుర్గంలో ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్, ఆరు నుంచి రెండు వరకు షిఫ్టు. మెడలో కార్డు ఇంకా తీయలేదు. చదవడం రాని పిల్లల గుంపులో శ్రావణిని కూర్చోబెట్టాలనీ, సాయంత్రం గంట సేపు అదనంగా ఉంచాలనీ రెండు వారాలుగా బడివాళ్ళు అడుగుతుంటే ఆమె ఒప్పుకోవడం లేదు.

"అయిదు సదువుతుంది సారు నా బిడ్డ. ఊర్ల ఫస్టు అని మీరే చెప్తిరి. ఈడ ఈ మేడం అక్షరాలు రావంటది. మీ మాట ఇనాల్నా, ఆమె మాట ఇనాల్నా?"

"ఆమె మాట విను," అన్నాను.

"అయితె మీరు రాసింది అబద్ధమా?"

"తప్పు. పిల్లది కాదు, నాది."

రికార్డు పుస్తకం తీసి, ఎ కొట్టేసి, సి అని రాసి, పక్కన సంతకం పెట్టి తారీకు వేశాను. సుగుణ దాన్ని చూసింది. "ఏడాది పోయింది గద సారు," అంది. ఔను అన్నాను.

సాయంత్రం సుగుణ రెండు ఫ్లాట్లలో గిన్నెలు తోముతుంది. ఆ వేళలో శ్రావణి ఇంట్లో చెల్లెను పట్టుకుని ఉండాలి. ఆ సంగతి రత్నకుమారి గారికి అప్పటిదాకా తెలియదు. "చెల్లిని ఇక్కడికే తీసుకురామనండి. యాదమ్మ గారు అయిదింటి దాకా ఉంటారు," అన్నారు. యాదమ్మ తలుపు దగ్గర్నుంచే, "నన్నడిగితివా మేడం? సరే తియ్యి, తోల్కరమ్మను," అంది. సుగుణ ఇంటికి పోయి చిన్నదాన్ని తెచ్చి యాదమ్మ ఒళ్ళో పెట్టింది.

నేను వరండాలోంచి రెండు ఫోన్లు చేశాను. శనివారం మా పేరా గురించి మంచిగా చెప్పలేనని, దాన్ని జిల్లాకు పంపవద్దని అధికారితో అన్నాను. "కాగితాలు అచ్చయిపోయినయి కదండీ," అన్నారాయన. "పంచకండి సార్. ఎందుకో నేనే నిలబడి చెబుతాను." ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. రెండో ఫోన్ శ్యామల మేడంకు. నోటికి వచ్చేసిందని ఆమె అన్న మాట నేను సరిగా వినలేదని చెప్పాను. ఆమె, "మరి రేపు పరీక్ష ఏ పేరా సార్?" అని అడిగారు. "పేరా లేదు మేడం. పక్క ఊరి బడికి పొండి. దారిలో ఏ కాగితం దొరికితే అది పట్టుకుపోండి."

తొమ్మిది బడులైనా, ఒక జిల్లా అయినా, పైన కూర్చున్నవాడికి చేరేది పట్టికే. పట్టిక బాగుంటే ఎవరూ పిల్ల పక్కన కూర్చోరు. నేనూ ఏడాది పాటు కూర్చోలేదు. మదీనాగూడ బడిలో నేను చూసిన తేడా డబ్బుది కాదు, గదులదీ కాదు. అక్కడ పెద్ద మేడం రోజుకు అరగంట చాప మీద ఉంటారు, నెలకోసారి వేరే బడి టీచరు తలుపు తీసుకుని లోపలికి వస్తారు. శనివారం ఏమవుతుందో నాకు తెలియదు. సోమవారం నుంచి మా బడిలోనూ చాప ఉంటుంది. ఇలాంటి బడికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: ప్రధానోపాధ్యాయుల సమావేశం ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి, మీ ఫలితాల పట్టిక ఇంట్లో పెట్టి, వెనకబడ్డ ఒక పిల్ల నోటుబుక్కు తీసుకెళ్ళండి.

సుగుణ మూడు యాభైకి రెండో పనికి వెళ్ళింది. ఆరుగురు ప్రధానోపాధ్యాయులు నాలుగింటికి వెళ్ళారు. శ్రావణి అయిదింటికి, ఆ చీటీలో మొదటి మాట వరకు చదివి, చెల్లెను ఎత్తుకుని వెళ్ళింది. రత్నకుమారి గారు అయిదూ పదికి తాళం వేసి వెళ్ళారు. నేను అయిదున్నరకు సంగారెడ్డి బస్సు ఎక్కాను.