దుబాయి ముత్తన్న

ముత్తన్నకు తాను ఏ దేశంలో ఉన్నాడో తెలియదని ముహర్రక్ ఊరి తెలుగువాళ్లలో ఒక పుకారు ఉండేది. ఏజెంటు దుబాయి అని చెప్పి బహ్రెయిన్‌లో దింపేస్తే, పాపం ఆ పిచ్చిమారాజు ఇదే దుబాయి అనుకుని ఏళ్ల తరబడి బతికేస్తున్నాడని, నిజం తెలిస్తే గుండె ఆగిపోతుందని, అందుకే ఎవరూ చెప్పడం లేదని ఆ పుకారు. ఇందులో చివరి ముక్క శుద్ధ అబద్ధం. చెప్పనివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నరసాయమ్మ. మొదటి ముక్క కూడా అబద్ధమే కానీ, అది తేలడానికి ఆవిడ ఒక శుక్రవారం పొద్దున ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సి వచ్చింది.

నరసాయమ్మది తుని దగ్గర పల్లెటూరు. ఐదో తరగతితో బడి మానేసింది గానీ ప్రశ్నలడగడం మానలేదు. భర్త లోవరాజు ఓడలు బాగుచేసే యార్డులో మెకానిక్కు. సందులోకి కొత్త పరుపు వస్తే అది ఎవరింటికో, పాతది ఏమైందో తెలుసుకున్నాకే ఆవిడ పొయ్యి మీది పప్పు దించేది. అలాంటి మనిషికి, వెనక గదిలో ఉండే ముత్తన్న ఒక్కడే కొరుకుడు పడలేదు.

ముత్తన్నది జగిత్యాల వైపు. తాపీ మేస్త్రీ. వాళ్ల కంపెనీ కూలీల క్యాంపు సిత్రాలో ఉన్నా, ముహర్రక్‌లో కట్టే ఇళ్ల పని ఇతనిది కాబట్టి ఇక్కడే గది ఇచ్చారు. ఎండలో, నీడలో, ఆఖరికి బాత్రూముకి వెళ్తున్నప్పుడు కూడా నల్ల కళ్లద్దాలే. మనిషి నెమ్మదస్తుడు, ఏ మాటకైనా సరే అంటాడు. ఒక్క మాటకి తప్ప.

"ముత్తన్నా, ఇది బహ్రెయినయ్యా," అనేది నరసాయమ్మ.

"అవునక్క, బహ్రెయినే. దుబాయిల ఉన్నది."

"దుబాయిలో లేదు. దుబాయి వేరే."

"వేరే దుబాయి గూడ ఉంటది. ఒక్కటే ఉండాల్నని ఏమున్నది?"

ఒకసారి ఆవిడ మిక్సీ పాడైతే, బాగుచేయించడానికి అతన్ని తోడు తీసుకుని రాజధాని మనామా బయల్దేరింది. ముత్తన్న షేర్ టాక్సీ ఆపి, కిటికీలోకి వంగి, "దుబాయి బజార్, యల్లా," అన్నాడు. అప్పటికే వెనక సీట్లో ఉన్న మలయాళీ నర్సు గాభరాగా తలుపు తీసి దిగబోయింది. డ్రైవరు ముసలి బహ్రెయినీ. ముత్తన్నని చాలాకాలంగా ఎక్కించుకుంటున్నవాడు. ఆమెని చేత్తో వారించి, "కూర్చో బేటీ, ఇతని దుబాయి వంతెన దాటగానే వచ్చేస్తుంది," అని హిందీలో చెప్పాడు. అలాగే వచ్చింది. సముద్రం మీది దారి దాటి, మనామాలో సరిగ్గా మిక్సీలు బాగుచేసే సందు మొదట్లో దింపాడు.

అప్పుడు గమనించింది నరసాయమ్మ. ఈ మనిషికి పేరే తప్పు, దారి తప్పు కాదు. అద్లియాకి ఏ పికప్పు ఎక్కాలో, సిత్రా బస్సు ఎక్కడ ఆగుతుందో, శుక్రవారం ఏ డ్రైవరు రాడో అందరూ ఇతన్నడిగే బయల్దేరతారు. "దుబాయిల అద్లియాకు పోవాల్నంటే," అని మొదలుపెట్టి, పిట్టగోడతో సహా గుర్తులు చెబుతాడు. అడిగినవాళ్లు ముందు మాట వదిలేసి మిగతాది పట్టుకుని వెళ్తారు, ఎవరూ ఎక్కడా తప్పిపోలేదు.

"ఊరేదో తెలియనివాడికి ఊళ్లో దారులన్నీ ఎలా తెలుస్తాయండీ?" అని భర్తని అడిగింది.

"నన్నడిగితే ఎలాగే? నాకు మనింట్లో పంచదార డబ్బా ఎక్కడుందో తెలీదు," అన్నాడు లోవరాజు.

ఆ సందులోనే సమూయేలు ఉండేవాడు. షిప్పింగు ఆఫీసులో గుమాస్తా, తెలుగు క్రైస్తవ సహవాసంలో పెద్దమనిషి. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేడు. పాటల పుస్తకంలో అచ్చుతప్పు కనబడితే పాట ఆపించి దిద్దించిన ఘనుడు. ఆయన ఒకనాడు ఆఫీసు గోడ మీది మ్యాపు చుట్టి చంకన పెట్టుకొచ్చి, నరసాయమ్మ ఇంట్లో నేల మీద పరిచాడు.

"ఇదిగో దుబాయి. ఇదిగో, ఇక్కడున్నాం మనం. ఈ చుక్క."

ముత్తన్న మోకాళ్ల మీద కూర్చుని ఆ చుక్కని తేరిపార చూశాడు. "గీ సుక్కలనా సార్?"

"ఆ చుక్కలోనే."

"ఎయిర్‌పోర్టు, సముద్రం మీది తొవ్వ, మీ ఆఫీసు, మా క్యాంపు, మొత్తం గీండ్లనే?"

"మొత్తం."

"ఎవ్వలో ఇంకు పారబోసిండ్రు సార్," అన్నాడు ముత్తన్న జాలిగా.

సమూయేలు మ్యాపు చుట్టేశాడు. నరసాయమ్మ పెట్టిన పకోడీలు కూడా ముట్టుకోలేదు.

సౌదీకి సముద్రం మీద వంతెన దారి తెరిచాక ఆయనకి మళ్లీ ఆశ పుట్టింది. "చూడు ముత్తన్నా, సౌదీకి వంతెన వేశారు. దుబాయికి వేశారా? వెయ్యలేదు. ఎందుకని?"

"దుబాయి నుంచి దుబాయికి వంతెన ఎందుకేస్తరు సార్?"

ఆ తర్వాత సమూయేలు ప్రార్థనలో అతని పేరు విడిగా చేర్చుకున్నాడని విన్నారు.

ఆ మరుసటి ఏడు వేసవిలో, ఒక శుక్రవారం పొద్దున వచ్చే విమానంలో నరసాయమ్మకి వాళ్ల ఊరివాళ్లు ఆవకాయ జాడీ పంపారు. ముత్తన్నకీ అదే విమానానికి పనుంది. కంపెనీకి కొత్తగా వస్తున్న కూలీని దగ్గరుండి వ్యానెక్కించాలి. ఇద్దరూ కలిసి టాక్సీలో వెళ్లారు. ఎయిర్‌పోర్టు ముహర్రక్‌లోనే కాబట్టి, "దుబాయి ఎయిర్‌పోర్ట్, భాయ్," అని ముత్తన్న అనడం పూర్తయ్యేలోపే సగం దూరం వచ్చేశారు. ముత్తన్న క్యాంపు వ్యాను ఎక్కడాగిందో చూడ్డానికి అటు వెళ్లాడు. నరసాయమ్మ లోపలికి నడిచింది.

జాడీ పగలకుండా చేతికొచ్చింది. ఇక ఇంటికి పోవచ్చు. కానీ స్తంభం దగ్గర జనం మూగి ఉంటే ఎందుకో చూడకుండా కదలడం ఆవిడ వంశంలోనే లేదు.

స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, పరుపుచుట్ట మీద కూర్చుని ఉన్నాడొకతను. పేరు వెంకటి. ముప్పై ఏళ్లుంటాయి. ముఖమంతా చెమట.

"నేను గీడ ఉండేది లేదు. నన్ను మల్ల ఇమానంల ఎక్కియ్యుండ్రి. నేను దుబాయికి పోవాలె."

అదే విమానంలో వచ్చిన కుర్రాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. "దుబాయి బస్సు బయట ఆగుతుంది, పరుగెత్తు," అన్నాడొకడు. ఇంకొకడు అతని యాసని అనుకరించాడు. ఇంకా గట్టిగా నవ్వారు. ఎవరో పాస్టరు గారిని తీసుకువెళ్లడానికి వచ్చిన సమూయేలు కూడా అక్కడే ఉన్నాడు. తప్పు ఎదురుగా కనబడుతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

"బాబూ, ఇది బహ్రెయిన్. దుబాయి వేరు. నువ్వు వచ్చింది దుబాయి కాదు, కానే కాదు," అని విడమరిచి చెప్పాడు. ప్రతి మాటా నిజమే. ప్రతి మాటకీ వెంకటి స్తంభాన్ని ఇంకాస్త బిగించాడు.

"మా అవ్వకు దుబాయి అని జెప్పిన. ఊరంత దుబాయి అని సాగనంపిండ్రు. మా ఊరి పోశన్నను గిట్లనే ఏడనో దింపి ఇడిసిపెట్టిండ్రు, ఇయ్యాల్టిదాంక పత్తా లేదు. నన్ను గూడ ముంచిండ్రు."

ఇంతలో క్యాంపు డ్రైవరు తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు. తనకింకా రెండు చోట్ల మనుషుల్ని ఎక్కించుకునే పని ఉందట. ఈ మనిషి ఇప్పుడు లేవకపోతే, రానన్నాడని వీసా ఇచ్చిన కఫీల్‌కి చెప్పేస్తాడట. అప్పుడు వీసా ఖలాస్, వచ్చిన దారినే ఇంటికి. హిందీ అంతంతమాత్రం వచ్చినా ఈ సంగతి నరసాయమ్మకి బాగానే అర్థమైంది. ఇంకాసేపు ఆ స్తంభం వదలకపోతే ఇతని గల్ఫు ఆ స్తంభం దగ్గరే అయిపోతుంది.

"లే నాయనా," అంది. "భయపడకు, నేనూ తెలుగుదాన్నే. ఇదిగో ఆవకాయ, మా తునిది."

"తునా? గదేడున్నది?" అన్నాడు వెంకటి బెదురుగా. తెలియని ఊళ్లలో ఇంకోటి చేరింది.

అప్పుడు వచ్చాడు ముత్తన్న. జనాన్ని పక్కకి జరుపుకుంటూ, హాలంతా వినబడేలా, "ఏందిరా, దుబాయి వచ్చినంక గీడ కూసున్నవ్?" అన్నాడు.

వెంకటి తలెత్తాడు. "గిది దుబాయేనా?"

"మరేందనుకున్నవ్?"

"గీ సారు బహ్రెయిన్ అంటున్నడు."

"దుబాయిల గిది బహ్రెయిన్ అనేటి జాగ. మన జిల్లల జగిత్యాల లేదా? గట్ల. నేను గీ దుబాయిలనే మేస్త్రీని."

కుర్రాళ్లు విరగబడి నవ్వారు. "వీడికి పెద్దన్న దొరికాడ్రా. ఇన్నేళ్లుండి కూడా దుబాయే అంటున్నాడు." ఒకడైతే కడుపు పట్టుకుని ట్రాలీ మీద కూలబడ్డాడు. సమూయేలు నుదురు కొట్టుకున్నాడు. ముత్తన్న తాపీగా కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "నవ్వుండ్రి, దుబాయిల నవ్వుకు వీసా అక్కెరలేదు," అన్నాడు. ఇంకో విడత నవ్వారు. అందరి కళ్లూ అతని మీదే. వెంకటి వైపు చూసేవాళ్లు ఒక్కరూ లేరు. అతను స్తంభం వదిలి, ముఖం తుడుచుకుని, పరుపుచుట్ట భుజాన వేసుకున్నాడు.

చూసింది నరసాయమ్మ ఒక్కతే. అంతే, ఇంటికి వెళ్లాల్సిన మనిషికి హఠాత్తుగా మనామాలో పని గుర్తొచ్చింది. జాడీతో సహా వ్యానెక్కి, వాళ్ల వెనక సీట్లో సర్దుకుని, ముందుకి వంగి కూర్చుంది.

వ్యాను సముద్రం మీది దారి ఎక్కింది. అటూ ఇటూ నీళ్లు చూస్తూ వెంకటి కాస్త తేరుకున్నాక, ముత్తన్న గొంతు తగ్గించాడు.

"ఇగ ఇను. నీ కాయితాల మీద ఉన్నది బహ్రెయిన్. పోలీసడిగినా, దవఖానల అడిగినా బహ్రెయిన్ అనే చెప్పాలె. ఏది, అను."

"బారేను."

"బహ్రెయిన్. గొంతుల నుంచి రావాలె." అని అరబ్బులు పలికినట్టే పలికి చూపించాడు. నరసాయమ్మ ఒళ్లోంచి జాడీ జారబోయి ఆగింది. "దుబాయి ఏరే దేశం. గాడికి పోవాల్నంటే ఇమానమెక్కాలె. నీ పని గీడనే. నిన్నెవ్వలు ముంచలేదు, నేనున్న గద."

వెంకటి అతని వైపు తిరిగాడు. "మరి ఇందాక దుబాయి అంటివి గదన్న?"

"ఇందాక నువ్వు కూసున్నవ్. గిప్పుడు పోతున్నవ్."

వెంకటి మొదటిసారి నవ్వాడు. "మరి మా అవ్వకేం జెప్పాలె?"

"అవ్వకు దుబాయే."

మనామాలో ముత్తన్ననీ నరసాయమ్మనీ దింపి, వెంకటితో వ్యాను సిత్రా వైపు వెళ్లిపోయింది. మనామాలో పనుందని చెప్పింది కాబట్టి నరసాయమ్మ మర్యాద కోసం ఒక కొత్తిమీర కట్ట కొంది. ముహర్రక్ టాక్సీ ఎక్కి, జాడీ ఇద్దరి మధ్యా పెట్టి, ఇక ఆగలేకపోయింది.

"తమ్ముడూ, నీకు మొదట్నుంచీ తెలుసు."

"ఏందక్క?"

"ఇది దుబాయి కాదని."

ముత్తన్న జాడీ ఒరగకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెలిసి తెలిసి అందరిచేతా పిచ్చివాడనిపించుకోడం ఎందుకయ్యా? పోనీ ఎయిర్‌పోర్టులో ఆ కాసేపూ అను. బజార్లో, టాక్సీలో, మా ఇంట్లో కూడా ఎందుకు?"

"ఎన్నడు అననోడు ఒక్కనాడే అంటే ఎవ్వలు నవ్వుతరక్క? పేరు పడాలె గద," అన్నాడు ముత్తన్న. "నేను దిగిననాడు గా ఎయిర్‌పోర్టుల దుబాయి అన్నోన్ని నేనొక్కన్నే. అందరు నవ్వితే తలకాయ ఎత్తలేకపోయిన. గిప్పుడు కొత్తోడెవడన్న అంటే ఇద్దరమైతం. ఇద్దరిల పెద్ద పిచ్చోన్ని నేనే గాబట్టి అందరు నన్నే సూసి నవ్వుతరు. గా నవ్వుల సందుల వాడు సామాన్ ఎత్తుకోని పనికి పోతడు."