సారు కోసం మోసిన కుర్చీలు

నా తెలుగు పండితుల తెలుగు కాదు. పగలు కూలికి, సాయంత్రం బడికి వెళ్లి నేర్చుకున్నది. తప్పులుంటే పాఠకులు మన్నించాలి. ఆ కాస్త తెలుగూ నాకు నేర్పిన మా రాత్రి బడి సారు గత వారం బాన్సువాడలో తమ ఇంట్లోనే కన్నుమూశారు.

మా బడిలో సారుతో సహా అందరూ చాపల మీదే కూర్చోవాలి. కుర్చీలోని మనిషి ముందు నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు, హమాలీలు నోరు విప్పరని ఆయన నమ్మకం. లెక్క సరిగ్గా చేసినా ఆయనకు చాలేది కాదు. "జవాబు సరే తమ్మీ, గది ఎట్లొచ్చిందో చెప్పు" అనేవారు.

అలాంటి మనిషి కిందటేడు "ఇగ చాలు" అని బడి మానేశారు. కారణం చెప్పలేదు. మేము చాపలు చుట్టి మూలన పెట్టాం.

నేనిప్పుడు దవాఖానలో కంప్యూటరు ఆపరేటరును. ఈ మాట తలెత్తుకొని రాస్తున్నాను. మోకాళ్ల అరుగుదల ఉన్నవారి జీవితం ఎలా సాగుతోందో అంచనా కట్టే పద్ధతిని అక్కడ పరీక్షిస్తున్నారు. ఎందరో రోగుల జవాబుల నుంచి కంప్యూటరు నేర్చుకుంటుంది. అంచనా చెప్పి ఊరుకోదు. ఏ జవాబు దాన్ని ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో గీతలుగా చూపుతుంది.

ఒకనాడు సారు కర్ర పట్టుకొని వచ్చారు. నేను ప్రశ్నలు చదివాను. ప్రతిదానికీ ఒకటే మాట: "మంచిగనే ఉన్న." కంప్యూటరూ అదే తేల్చింది.

"ఎట్లొచ్చింది?" అన్నారు సారు, అలవాటు కొద్దీ.

తెర ఆయన వైపు తిప్పాను. అన్నిటికంటే పొడవైన గీత, కింద కూర్చొని లేవడానికి ఇబ్బంది లేదన్న జవాబుది.

"ఇబ్బంది ఏడుంటది? కూసునుడే బందు పెట్టిన గదా!" అని నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సార్, మీరేం చెప్తే కంప్యూటరు గదే నమ్ముతది. నిజం చెప్పుండ్రి," అన్నారు పక్కనే ఉన్న డాక్టరమ్మ.

మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి అంచనా బాగా పడిపోయింది. దాన్ని కిందికి లాగిన వాటిలో నొప్పిని మించిన గీత ఒకటుంది: ఇష్టమైన పనికి దూరం కావడం.

"చాప మీద కూసోలేను. కుర్చీ ఎక్కి మీకు చెప్పలేను. గందుకే మానేసిన తమ్మీ."

డాక్టరమ్మ వ్యాయామాలు నేర్పించి, కుర్చీలోనే కూర్చోమన్నారు. సారు ససేమిరా అన్నారు. ఈ సంగతి బడివాళ్లకు చెప్పగానే, నిజాంసాగర్ కాలువ కింద నాట్లు వేసే అక్క నా మీదికి లేచింది.

"సారు కిందికి రాకుంటే మనమే మీదికి పోదాం. గింతదానికి ఫికరేంది?"

మరునాటి సాయంత్రం సారును బడికి పిలిచాం. అందరూ ఎవరి కుర్చీ వారు తలమీద పెట్టుకొని వచ్చారు. సారుకూ ఒకటి తెచ్చారు.

"పెండ్లికొచ్చిండ్రా ఏంది?" అన్నారు సారు.

"మీరు కూసుంటేనే పెండ్లి సార్," అంది అక్క.

ఆయన కూర్చున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు గాని, ఆయన కన్నుమూసేదాకా పాఠం ఆగలేదు. ఇప్పుడు ఆ పాఠాలు నేను చెబుతున్నాను. నిన్న సాయంత్రం కూడా మా వాళ్లు వీధి పొడవునా కుర్చీలు మోసుకొచ్చారు. అక్క తలమీద రెండున్నాయి.

చదివిన వారికి ఒక విన్నపం. మోకాళ్లెలా ఉన్నాయని అడిగితే "మంచిగనే ఉన్న" అనే మనిషి మీ ఇంట్లోనూ ఉంటారు. ముందుగా వారికి దీన్ని చదివి వినిపించండి. ఏ పని మానుకున్నారో అడగండి. నిజం చెబితే మా బడికి పంపండి. కుర్చీ మోసుకురానక్కర లేదు, సారుది ఉంది.