అడుగు వెడల్పు మట్టి

మా వీధికి సిమెంటు రోడ్డు వస్తుందంటే మార్కాపురం మొత్తంలో మాకంటే అదృష్టవంతులు లేనట్టు మురిసిపోయినాం. గోడ నుంచి గోడ దాకా పోయమని అందరూ ఇంజినీరు సారు వెంటపడినారు. అందరికంటే ముందు మా అమ్మ. గడపలో బురద కడిగి కడిగి ఆమె విసిగిపోయింది.

నాయన ఒక్కడే అడ్డం తిరిగినాడు. "అంతా మూసేస్తే వాన నీళ్లు భూమిలోకి ఎట్ల దిగుతాయి సార్? వీధి బోరులో బిందె నిండేదానికే గంట పడుతుంది. రెండు పక్కలా అడుగు మట్టి వదలండి, పలక ముక్కలతో నింపుకుంటాం" అన్నాడు. ముప్పై ఏళ్లు రాతి పలకల పని చేసిన మనిషి. ఊరి బయట గుట్టలుగా పడున్న ఆ పలక ముక్కల వేస్టంటే ఆయనకు ఎంత ప్రేమో!

"ముందు మీ ఇంటి ముందర చేసి చూపించు పెద్దాయనా. నీళ్లు దిగితే వీధంతా వదులుతాం. నిలిస్తే సిమెంటే" అన్నాడు సారు.

ముక్కలు ట్రాక్టరులో దిగిన రోజే నాయనకు జ్వరం. నువ్వు పడుకో, నేను పరుస్తాలే అని కొంగు బిగించినా. నా మొహం! ఇంట్లో బండలు పరిచినట్టు ఒక్కో ముక్కనూ పడుకోబెట్టి, ముచ్చటగా అతికించినట్టు పరిచినా. సాయంత్రం వాన పడింది. నీళ్లు మడుగు కట్టినాయి.

పొద్దున సారు వచ్చేసరికి వీధంతా నవ్వుతా ఉంది. "ఏంది మామా, పలకలోడివి, నీకే తెలియలేదా?" అంది ఎదురింటామె. నాయన దుప్పటి కప్పుకుని బయటికొచ్చి చూసినాడు. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపినాడు.

"నేనే అట్ల పరచమన్నా సార్. జ్వరంలో మతి తప్పింది. మధ్యాహ్నం దాకా టైమియ్యండి."

వద్దంటే వినకుండా గొంతుక్కూర్చొని, ముక్కలన్నీ పీకి, సందులొదిలి నిలువుగా గుచ్చినాడు. నేను ఏడుస్తా అందిస్తున్నా. "పలకను పడుకోబెడితే నీళ్లను ఆపుతుంది, నిలబెడితే దిగనిస్తుంది. అంతే తల్లీ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

సారు తిరిగొచ్చినప్పుడు వాన లేదు. అమ్మ లోపలికి పోయి, మూడు రోజులకోసారి వచ్చే కొళాయి నీళ్లు, నిండు బిందె తెచ్చి కుమ్మరించింది. సిమెంటు కావాలని అలిగిన మా అమ్మే! నీళ్లు గుటగుటమని దిగిపోయినాయి. సారు సరేనన్నాడు.

ఇప్పుడు వీధి పొడుగునా ఆ అడుగు మట్టి ఉంది. పలక పరచడం మర్చిపోయిన పలకలోడని నాయనను ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆ తప్పు నాదని చెప్పేస్తానంటే మాత్రం ఒప్పుకోడు.

"నిన్ను చూసి నలుగురు నవ్వితే నేను ఓర్చుకోలేనమ్మా" అంటాడు.