మామ పైకి పంపిన ఇల్లు

మా మామ పోయాడని ధర్మవరం నుంచి ఫోన్ వచ్చేటప్పటికి నేను పెనుకొండలో కాలేజీకి బయల్దేరుతున్నాను. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఏడవాల్సింది పోయి, నాకు ముందుగా వచ్చిన ఆలోచన, పైనున్న అత్తను ఇప్పుడు ఎవరు చూసుకుంటారని. మీరు విస్తుపోకండి. మా అత్త బతికే ఉంది, ధర్మవరంలోనే ఉంది. పైనున్నది ఆమె పేరు పెట్టిన బొమ్మ. అదేమిటో చెబుతాను.

మామ కుదురుగా కూర్చునే మనిషి కాదు. టీ కూడా నిలబడే తాగేవాడు. పొద్దున్నే పట్టుచీరల మూట భుజానేసుకుని పాసింజరెక్కి, హిందూపురం దుకాణాలన్నీ తిరిగొస్తేగానీ ఆయనకు అన్నం సయించదు. గుండె జబ్బొచ్చి డాక్టరు తిరుగుళ్ళు మానమన్నాక, ఇంట్లోనే కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. అది చూడలేక, చీరల ఫోటోలు పంపడానికి కొన్న కంప్యూటర్లో నేనాడే రాకెట్ల ఆటను వేసిచ్చాను. అందులో రాకెట్టును మనమే కట్టుకోవాలి, మనమే ఎగరేయాలి, పైకి చేర్చిన సరుకు కింద పడకుండా భూమి చుట్టూ తిరిగేలా చూసుకోవాలి.

మామ దాన్నీ చీరల వ్యాపారంలాగే చేశాడు. బరువైన సరుకును ముక్కలుగా పంపి పైన కలుపుకోవాలని చెబితే వినలేదు.

"ఒగ మూటలో పొయ్యేదాన్ని ఎవురమ్మా రెండుతూర్లు మోసేది?" అనేవాడు.

సరుకు పెరిగితే ఇంధనం పెరుగుతుంది, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి. ఆయన రాకెట్టు కల్యాణమండపమంత అయ్యేది. లేచీ లేవకముందే పక్కకు ఒరిగేది. అప్పుడు ఆయన తిట్లు వీధి చివరిదాకా వినపడేవి. మగ్గం దగ్గర్నుంచే అత్త, ఎగిరిందా పడిందా అని అడిగేది.

ఇంకో చిక్కు ఆయన తొందర. పైకెళ్ళిన వస్తువు తిరిగే దారిలో ఒక చివర ఎత్తుగా, ఒక చివర తగ్గుగా ఉంటుంది. తగ్గు చివర భూమి చుట్టూ ఉన్న గాలికి రాసుకుంటుంటే వస్తువు మెల్లగా కిందికి జారి కాలిపోతుంది. అందుకే అది ఎత్తు చివరకు చేరేదాకా ఆగి, అక్కడ ఇంజన్ మండించాలి. అప్పుడే తగ్గు లేస్తుంది. మామ ఆగలేడు. భయమేసిన చోటే మండించేవాడు. ఇంధనం అయిపోయేది, తగ్గు తగ్గుగానే ఉండేది. వెంటనే నాకు ఫోన్.

"ఏమ్మా, యాడ నొక్కల్ల? నా చెయ్యి ఊరికే ఉండడంల్యా."

ఇప్పుడు ఆ ఫోన్ మోగకపోతే నాకేమీ తోచడం లేదు.

పోయే ముందు రోజు ఆయన పంతం నెగ్గింది. కిటికీలున్న పెద్ద ఇల్లొకటి ఒకే మూటగా పైకెళ్ళింది. అందులో ఒక్క బొమ్మనే కూర్చోబెట్టి అత్త పేరు పెట్టాడు. తాను ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ ఆమె మగ్గం దగ్గరే కూర్చుందట, ఇప్పుడన్నా నాలుగు చోట్లు చూస్తుందట. నువ్వెందుకు ఎక్కలేదని నేనడిగితే, కింద చూసుకునే మనిషి ఉండాలి కదా అన్నాడు. తగ్గు చివర ఇంకా గాలిలోనే ఉంది, రేపు లేపుతానన్నాడు. మామకు ఆ రేపు రాలేదు.

ఆట తెరవనంత వరకూ అక్కడ కాలం కదలదు. తెరిచి తప్పు చోట నొక్కితే ఇల్లు కాలిపోతుంది. ఇంధనం ఒక్కసారికే మిగిలింది. పెద్ద దినం కర్మ అయ్యేదాకా నేను ధర్మవరంలో మామ వాళ్ళింట్లో ఒక్క చోట నిలవలేకపోయాను. కంప్యూటరున్న లోపలి గదిలోనే అత్తను చాప మీద కూర్చోబెట్టారు. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు గడప దాటకూడదని మా పెద్దవాళ్ళ పట్టుదల. ఆమెను చూస్తే నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చేవి.

చుట్టాలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం ఆట తెరిచాను. అత్త చాప జరుపుకుని నా పక్కకొచ్చింది. ఇల్లు ఎత్తు వైపు పోతోంది. వేలు మాత్రం ఇప్పుడే నొక్కమంటోంది. మామ చెయ్యే నాకూ వచ్చినట్టుంది. పళ్ళు బిగపట్టి ఆగాను. పై చివర చేరాక మండించాను. తగ్గు చివర మెల్లగా గాలిలోంచి బయటపడింది, ఆ వెంటనే ఇంజన్ ఆరిపోయింది. ఇల్లు నిలిచింది. ఈ మాట మామకు చెప్పాలని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

కాసేపటికి తేరుకుని, చిన్న రాకెట్టొకటి పంపి నిన్ను జాగ్రత్తగా దించుతాలే అత్తా అన్నాను. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"దించొద్దమ్మా. ఈడ ఎట్లాగూ గడప దాటనీరు. ఆడన్నా తిరుగుతా ఉండనీ."

ఆట మూయబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాను. పైనున్న ఇంటి కింద ఒక సముద్రం దాటింది, ఎవరివో కొండలు దాటాయి, మళ్ళీ సముద్రం వచ్చింది. అత్త ఇంకా చూస్తూనే ఉంది.