మాలకొండయ్య తట్టి చూసిన కంప్యూటరు

మాలకొండయ్య దేన్నయినా తట్టి చూడందే ఇంటికి తెచ్చుకోడు. కుడిచేతి చూపుడువేలు మడిచి, మెటికతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, ఆపైన వస్తువును ఎండకు ఏటవాలుగా పట్టి ఒక కన్ను మూసి చూస్తాడు. కుండనూ పుచ్చకాయనూ తట్టి కొనేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. తువ్వాలును తట్టి కొన్న మనిషి మాత్రం మార్కాపురం మొత్తానికి ఆయనొక్కడే.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో మంచివీ చెడ్డవీ ఏరే పని చేశాడు. మంచి పలక కంచులా మోగుతుంది. లోపల నెర్రె ఉన్నది తడి అట్టముక్కలా మొద్దుగా పలుకుతుంది. నిజానికి ప్రతి వ్యాపారానికీ ఒక పరీక్ష ఉంది. కంసాలి గీటు పెడతాడు, ఎద్దుల బేరగాడు పళ్ళు చూస్తాడు, గొర్రెలు కొనేవాడు నడుం పట్టి చూస్తాడు, పిల్లనిచ్చేవాడు ఇరుగుపొరుగును అడుగుతాడు. పిల్లలు పలకలు మానేశాక ఫ్యాక్టరీ మూతపడింది గానీ, మాలకొండయ్య మెటికకు మాత్రం పని తగ్గలేదు.

ఒకసారి కనిగిరి పోవడానికి బస్టాండుకు వెళ్ళి, ఎక్కబోయే ముందు బస్సు డొక్క మీద రెండు దెబ్బలు వేశాడట. "ఇది పొదిలి దాటదు" అని చెప్పి వెనక్కి వచ్చేశాడు. బస్సు పొదిలిలో నిలబడిపోయింది. ఆ తర్వాత నెలరోజులు ఆయన బస్టాండులో కనపడితే కండక్టర్లు బస్సుకు అడ్డం నిలబడేవాళ్ళు. ఇంకోసారి దగ్గు తగ్గక గిద్దలూరు ఆసుపత్రికి పోతే, డాక్టరు వీపు మీద వేళ్ళు పెట్టి తట్టాడు. మాలకొండయ్య ముఖం వెలిగిపోయింది. "మీరూ మా పనివాళ్ళేనా సార్? నెర్రె ఏమన్నా ఇనపడిందా?" అని అడిగాడు.

ఇంత పరీక్ష చేసే మనిషి ఇల్లు ఎట్లా ఉండాలి? ఆ ఇంట్లో ఒక్క వస్తువూ సరైనది లేదు. బిందె కింద పెడితే ఊగుతుంది. మంచానికి ఒక కోడు పొట్టి. గోడ గడియారం మధ్యాహ్నం దాకా బాగా నడిచి, భోజనం వేళకు నిద్రపోతుంది. "ఊరందరికీ గింజలు ఏరి పెడతాడు, ఇంటికి మాత్రం తాలు తెస్తాడు" అని భార్య నాగమల్లేశ్వరి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఊరు దీనికి కారణం ఎన్నడూ ఆలోచించలేదు. నవ్వుకోవడానికి కారణంతో పనేముంది?

ఇట్లాంటి మనిషి, జిల్లాలు కొత్తగా విడగొట్టిన ఏడాది, మల్లికార్జునరావు దుకాణంలో కంప్యూటరు కొన్నాడు. మల్లికార్జునరావు తాత నూనె అమ్మాడు, తండ్రి గుడ్డలు అమ్మాడు. అతను కంప్యూటర్లు పెట్టి ఆరు నెలలు కాలేదు. మాలకొండయ్య కూతురు కోటిరత్నం ఇంట్లోనే శుభలేఖలు తయారుచేసే పని మొదలుపెట్టింది. ఆమెకోసమే ఈ కొనుగోలు. కొన్ననాడు మాలకొండయ్య సీపీయూ డబ్బాను తట్టాడు, కీబోర్డును తట్టాడు, మౌసును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మానిటరు దగ్గరికి వచ్చేసరికి మల్లికార్జునరావు రెండు చేతులూ అడ్డం పెట్టి, "పెదనాయనా, నీకు పుణ్యముంటాది. దీన్ని తట్టగూడదు" అని బతిమాలాడు. మాలకొండయ్య జీవితంలో తట్టకుండా తెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

మర్నాడు పొద్దున దుకాణం తలుపు తీసేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మానిటరు, దాని మీద దుప్పటి.

"చూసినావా అబ్బయ్యా, తట్టనియ్యకపోతివి. చుక్క వచ్చింది."

కోటిరత్నం మొదట దోమనుకుందట. తరిమింది. పోలేదు. తడిగుడ్డతో తుడిచింది. అప్పటికీ పోలేదు. తెర మీద వినాయకుడి బొమ్మను ఎటు జరిపినా చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. ఎడంపక్క పైన, ఆవగింజలో సగం. మల్లికార్జునరావు కళ్ళజోడు తుడుచుకుని వెతికితే గానీ దొరకలేదు. తెరలో ఒక బిందువు వెలగక చచ్చిపోతే అట్లా నల్లగా ఉండిపోతుందనీ, దానివల్ల పనికేమీ అడ్డం లేదనీ చెప్పాడు. మాలకొండయ్య ఒప్పుకోలేదు. పలకలో ఇట్లాంటి ఇసుక చుక్క ఉంటే అక్కడే పగులు మొదలవుతుందని ఆయన అనుభవం.

కంపెనీకి ఫోను చేశారు. అవతలి అమ్మాయి నిబంధన చదివింది. అయిదు చుక్కల కన్నా తక్కువ ఉంటే అది లోపం కిందికి రాదు.

మాలకొండయ్య ఫోను అందుకుని, "అయితే తల్లీ, ఇంకో నాలుగు పుట్టేదాకా మేము దీన్ని సాకాల్నా?" అని అడిగాడు.

ఆ అమ్మాయి ఫిర్యాదు రాసుకున్నానని చెప్పి పెట్టేసింది. మార్చుకోవడానికి దుకాణం గడువు ఏడు రోజులని బిల్లు మీద ఉంది. ఆ ఏడు రోజులూ మాలకొండయ్య బడికి పోయినట్టు దుకాణానికి వచ్చాడు. నాలుగో రోజు తెర లోపం తెర మీద కాదు, ఎండలో తేలుతుందని పట్టుబట్టాడు. పొడుగు వైరు తగిలించి, వెలుగుతున్న మానిటరును నడివీధిలో సూర్యుడికి ఏటవాలుగా పట్టి నిలబడ్డాడు. ఎండకు తెర మీద ఏమీ కనపడలేదు, ఆయన మీసం తప్ప. "చూడు, ఎండ చూపించంగానే బొమ్మే చచ్చిపోయింది. ఇదేం సరుకయ్యా" అన్నాడు. దుకాణంలో బేరం చేస్తున్న ఇద్దరు ఆ మాట విని మెల్లగా జారుకున్నారు.

ఏడో రోజుకు మల్లికార్జునరావు ఓపిక అయిపోయింది. ఆ రకం మానిటరు దుకాణంలో సీలు విప్పనిది ఇంకొక్కటే ఉంది. దాన్ని హనుమంతునిపాడు అవతల గొర్రెలు కాసుకునే శ్రీశైలమ్మ ముందే చెప్పి ఉంచుకుంది. ఆమె కూతురికి ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. సోమవారం నుంచి మొదలు. అందుకని నాలుగు పొట్టేళ్ళు అమ్మి ఆ డబ్బు కట్టి పోయింది. ఈ మధ్యాహ్నం బస్సుకు వస్తుంది.

మల్లికార్జునరావు చెడ్డవాడేమీ కాదు. కానీ కంపెనీ వెనక్కి తీసుకోని సరుకు ఇంట్లో పెట్టుకుంటే దుకాణం ఎన్నాళ్ళు నిలుస్తుంది? సీలున్న పెట్టెను మాలకొండయ్య చేతికిచ్చాడు. చుక్క మానిటరును దాని పాత పెట్టెలో థర్మకోలు నడుమ సర్ది, కొత్త టేపు వేశాడు. అడివి వెంట తిరిగే మనిషి, ఆవగింజలో సగం ఉన్న చుక్క ఆమెకేం కనపడుతుంది అనుకున్నాడు.

"దీన్నేం జేస్తావు?" అన్నాడు మాలకొండయ్య.

"కంపెనీకి పంపిస్తాలే పెదనాయనా" అన్నాడు, టేపు వైపు చూస్తూ.

సరిగ్గా అప్పుడే శ్రీశైలమ్మ లోపలికి వచ్చింది. దుమ్ము కాళ్ళు గడప బయటే దులుపుకుని, పెట్టె ఏదని అడిగింది. మల్లికార్జునరావు చెయ్యి కొత్త టేపు వేసిన పెట్టె వైపు చూపించింది. ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, మాలకొండయ్యను చూసి ఆగింది.

"నువ్వు పలకలు తట్టే అన్నవు గదా? కాస్త తట్టి చెప్పిపో అన్నా. గొర్రెనయితే నడుం పట్టి నేనే చెప్తా. దీనికి నడుం యాడుందో నాకు తెలవదు. బాగలేదని మళ్ళీ ఇంత దూరం మోసుకొచ్చే దారి గూడా లేదు."

మల్లికార్జునరావు టేపు అంచును గోటితో అదిమాడు. ఊళ్ళో అందరికీ నవ్వులాటైన ఆ మెటిక తన దుకాణం పేరు మీదికి వస్తోంది. మాలకొండయ్య చంకలోని పెట్టెను కింద పెట్టాడు. వంగి, కొత్త టేపు పెట్టెను రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. అట్ట మీద తడితే అట్ట చప్పుడు తప్ప ఏమొస్తుంది? అయినా చాలాసేపు విన్నాడు. వింటూనే మల్లికార్జునరావు ముఖం వైపు ఏటవాలుగా, ఒక కన్ను మూసి చూశాడు.

"మోత తేడాగా ఉందమ్మా. ఇది నాది. అబ్బయ్య తొందరలో పెట్టెలు తారుమారు చేసినాడు. నీది ఇదిగో" అని సీలున్న పెట్టెను ఆమె ముందుకు జరిపాడు.

శ్రీశైలమ్మ దాన్ని తలమీద ఎత్తించుకుని సంతోషంగా బస్టాండు వైపు పోయింది.

చుక్క పెట్టెను మల్లికార్జునరావే మోసుకుంటూ మాలకొండయ్య వెంట ఇంటిదాకా వెళ్ళాడు. లోపలికి పోయి పెట్టె దించి, కూర్చోబోతే మంచం ఒకవైపుకు ఒరిగింది. ఎదురుగా గడియారం నిద్రపోతోంది. మూల బిందె ఊగుతోంది. అతను వాటిని ఒక్కొక్కటిగా చూశాడు. ఏడు రోజుల్లో తట్టని ఆలోచన అప్పుడు తట్టింది.

"పెదనాయనా, ఈ బిందె కూడా అట్ల తెచ్చిందేనా?"

"చెడ్డదని తెలిసినాక ఆడ ఒదిలిపెట్టి వస్తే, తెలవనోళ్ళకు పోతాది గదా అబ్బయ్యా." మాలకొండయ్య ఏదో తప్పు దొరికిపోయినట్టు మీసం సర్దుకున్నాడు. "ఫ్యాక్టరీలో నేను పక్కన పెట్టిన పలకను అయ్యగారు కట్ట నడుమ దూర్చేవాడు. యాడనో బడిలో అది పగిలేది. దెబ్బలు తినేది బిడ్డ. అందుకని అట్లాటివి నేనే కొనేవాణ్ణి. కంపెనీ తీసుకుంటాదేమోనని నీ చుట్టూ వారం తిరిగినా. తీసుకోలా. ఇంగేం జేస్తాం, చుక్కే గదా."

"ఇప్పుడు చుక్కే గదా అంటాడు, ఏడు దినాలు ఇంట్లో ఎవర్నీ అన్నం తిననియ్యలా" అంది నాగమల్లేశ్వరి లోపలినుంచి. టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఒక గ్లాసు అంచు చిట్లి ఉంది. మాలకొండయ్య రెండింటినీ తట్టి చూసి, చిట్లింది తను తీసుకుని, మంచిది మల్లికార్జునరావు ముందు పెట్టాడు.

కోటిరత్నం చుక్కతోనే పని మొదలుపెట్టింది. పెళ్ళికూతురి బొమ్మ వేసినప్పుడల్లా బుగ్గను సరిగ్గా ఆ చుక్క కిందికి జరుపుకుని, దిష్టి చుక్క పెట్టే పని తప్పిందంటుంది.

మల్లికార్జునరావు దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. పెట్టె ఇచ్చే ముందు దాన్ని విప్పి, తెర వెలిగించి, కొనేవాళ్ళకు మూలమూలా చూపిస్తాడు. మళ్ళీ మూసి టేపు వేశాక మెటికతో రెండుసార్లు తట్టి చెవి ఆనిస్తాడు. ఏం వినపడుతుందని ఎవరన్నా అడిగితే, ఏమీ వినపడదని నిజమే చెబుతాడు.

అయినా తడతాడు.