పరీక్ష పాసైన ఇంధనం

రిటైరవడానికి ముందటి చలికాలంలో, అమెరికాలో నేను పనిచేసే షాంటిలీ ఆఫీసు నుంచి నన్ను ఒక వైమానిక దళ స్థావరానికి ఇంధన తనిఖీ అధికారిగా పంపారు. వాడేసిన నూనెలు, కొవ్వులతో చేసే కొత్త ఇంధనాన్ని మామూలు జెట్ ఇంధనంలో సగం వరకే కలపాలని నిబంధన. ఆ మిశ్రమంలో ఆరోమాటిక్స్ అనే పదార్థాలు కొంతైనా ఉండి తీరాలి. విమానం రెక్కల్లో ఉండే ఇంధన ట్యాంకుల అతుకుల్లోని రబ్బరు సీళ్ళు వాటివల్లే ఉబ్బి బిగువుగా ఉంటాయి. కొత్త ఇంధనంలో అవి దాదాపు ఉండవు.

మా మొదటి లోడు అన్ని పరీక్షలూ పాసయింది. ఆరోమాటిక్స్ కూడా ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే. నాతో పనిచేసే ప్రణతి, అమెరికాలోనే, పిస్కాటవేలో పుట్టి పెరిగిన ఇంజనీరు, రిపోర్టు ఖాయం చేసింది. రెండు పాత రవాణా విమానాల్లో ఆ ఇంధనం నింపారు. ఒకటి ఎగిరింది. నేలమీదున్న రెండోదాని రెక్క కింద తడి కనిపించిందని మెకానిక్కులు మమ్మల్ని పిలిచారు. వేలితో తుడిచి వాసన చూశాను. ఇంధనమే.

"అంకుల్, స్పెక్ టెస్టులన్నీ పాస్ అయ్యాయి కదా, మరి లీక్ ఎందుకు అవుతోంది?" అంది ప్రణతి.

"ఈ సీళ్ళు ఏళ్ళ తరబడి పాత ఇంధనంలో నాని ఉబ్బినవమ్మా. ఆరోమాటిక్స్ నిబంధనకు సరిపోయినా, పాతదానికంటే ఒక్కసారిగా తగ్గాయి, అందుకే సీళ్ళు ముడుచుకుంటున్నాయి. పైగా ఈ చలి."

"మరి పైనున్న ఫ్లైట్?"

అందులో ఏడుగురున్నారు.

పరుగున స్థావరం అధికారి కర్నల్ దగ్గరికి వెళ్ళి విమానాన్ని వెనక్కి పిలవమన్నాను. ఏ నిబంధన తప్పారని కర్నల్ అడిగాడు. ఏదీ తప్పలేదన్నాను. మరి దేన్ని చూపి పిలవమంటారన్నాడు. ఏసీ గదుల్లో కూర్చుని నిబంధనలు రాసినవాళ్ళ మీద ఒళ్ళు మండింది. నేలమీదున్న విమానం రెక్క కింది తడిని చూపి పిలవండి, అన్నాను. ఆయన స్వయంగా వచ్చి చూశాడు. ఇంకేమీ అడగకుండా రేడియో అందుకున్నాడు.

ఫైరింజన్లు రన్‌వే పక్కన బారుగా నిలిచాయి. ప్రణతి నా కోటు చెయ్యి పట్టుకుని వదల్లేదు. విమానం దిగి ఆగింది. రెక్క అతుకుల నుంచి ఇంధనం ధారగా కారుతోంది, అదీ దిగిన వేడికి కాలిపోతున్న బ్రేకుల పక్కనే. సిబ్బంది నురుగు కొడుతుండగా ఏడుగురూ దూకి పరుగెత్తారు. వాళ్ళను లెక్కపెట్టుకున్నాకే ఊపిరి పీల్చాను.

తర్వాత ఆ స్థావరంలో, ఇంధనం మార్చే ముందు పాత సీళ్ళు మార్చాలని ఆదేశం వచ్చింది. నిబంధన ఇంధనాన్నే పరీక్షిస్తుంది. అది పోసే విమానం వయసెంతో చూడదు. ఆ రోజు ఏడుగురూ పోయినా, విచారణలో మా తప్పు ఒక్కటీ దొరికేది కాదు.