ఆదివారం నాడు తడిసే బండి

ఎదుటివాడు చెప్పిన మాట నిజమో కాదో తేల్చుకోకుండా మంచినీళ్ళైనా ముట్టని వయసు ఒకటి నాకుండేది. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఆత్మకూరులో ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో అప్పుడే చేరాను. ఉదయగిరిలోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. పక్క సీటు పెద్దమనిషి "ఈ ఏడు వానలు బాగుంటాయి" అంటే చాలు, "దేన్నిబట్టి చెబుతున్నారు?" అని అడిగేవాణ్ణి. (ఆయన మరుసటి రోజు నుంచి వెనక సీటులో కూర్చునేవాడు.) సందేహించడమే శాస్త్రానికి మొదటి మెట్టని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మాత్రం నేనెన్నడూ సందేహించలేదు.

అలాంటి నేను ఒక పాత బండి కొన్నాను. కొన్నది నా కోసం కాదు, మా అవ్వ కోసం. అవ్వ పుట్టిన ఊరు దుత్తలూరు అవతల ఒక పల్లె. ఆమె బాప్తిస్మం పొందిన చర్చి అక్కడే ఉంది. ఆమె చెల్లెలు, అంటే మా చిన్నవ్వ, ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ చర్చిలో రెండో వరసలో చాప మీద కూర్చుని, పక్కన అక్క కోసం ఒక మనిషి పట్టేంత చోటు వదిలిపెడుతుంది. మోకాళ్ళు అరిగి బస్సు మెట్టు ఎక్కలేక అవ్వ రెండేళ్ళుగా ఆ చోటుకు చేరలేదు. ఆటో ఎక్కిస్తే ఆ రాళ్ళబాటలో ఉన్న ఎముకలు కూడా ఊడిపోతాయని ఆమె భయం. అందుకని ఆ బాటకు తట్టుకునే ఏడు సీట్ల ఎస్‌యూవీ ఒకటి చూశాను. ముందు సీటు దగ్గర అడుగుమెట్టు ఉంది. దాని కింద వేసుకోవడానికి ఇంట్లోని చెక్కపీట వెంట తీసుకుపోదామనుకున్నాం.

అమ్మినవాడు ఆత్మకూరులో పాత బండ్ల బేరగాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా తప్ప వేరేది వేసుకోగా నేను చూడలేదు గనుక అతనికి నేను పెట్టుకున్న పేరు తెల్లచొక్కా. "ఒకే ఓనరు సార్, అది కూడా డాక్టరు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తోలినాడు" అన్నాడు. నేను వెనక సీటు ఎత్తి చూస్తే గుప్పెడు వడ్లు, ఒక ట్రాక్టరు బోల్టు దొరికాయి. డాక్టరు గారు సంగం కాలవ కింద వడ్లు తోలేవారా అని అడిగాను. "పేషెంట్లు ఇచ్చింటారు సార్" అన్నాడు, కనురెప్ప కూడా వాల్చకుండా. టైర్లు కొత్తవన్నాడు. వాటి అంచున అచ్చుపోసిన తయారీ సంవత్సరం చదివి వినిపించాను. ఇలా అతను చెప్పిన ప్రతి మాటనూ ఒక్కొక్కటిగా పడగొడుతూ, ధర తగ్గిస్తూ, ఎంతో ఆనందించాను. చివరికి బండి కింద నీటి చుక్కలు కారడం నా కంటబడింది.

"అది ఏసీ నీళ్ళు సార్. కారితేనే మంచిది" అన్నాడు.

లీకు కూడా మంచిదేనని చెప్పగల మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఏసీ ఆపమన్నాను. ఆపాడు. వాచీ చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడ్డాను. చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఏసీ ఆగినా నీరు ఆగలేదు గనుక అది ఏసీ నీరు కాదు. ఇంతకంటే నిరూపణ ఏం కావాలి? బండి ఇంటికి తెచ్చిన మరునాడే కిందికి దూరి చూస్తే ఒక రబ్బరు గొట్టం చివర తడిగా కనిపించింది. కళాశాల ప్రయోగశాల నుంచి తెచ్చిన రబ్బరు బిరడా ఒకటి దానికి బిగించి, జారిపోకుండా పైన తీగ చుట్టాను. చుక్కలు ఆగిపోయాయి. తెల్లచొక్కా చివరి అబద్ధాన్ని కూడా నా చేతులతో మూసేశానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వారం రోజులు బండి ఏ తేడా లేకుండా నడిచింది. నేనొక్కణ్ణే అద్దాలు దించుకుని ఆత్మకూరు వెళ్ళి వచ్చేవాణ్ణి. (ఏసీ వేస్తే డీజిల్ ఎంత ఎక్కువ పడుతుందో లెక్కగట్టి, ఒంటరి ప్రయాణాలకు దాన్ని నిషేధించుకున్నాను.) ఆదివారం అవ్వను ముందు సీటులో కూర్చోబెట్టి, నాయనను వెనక కూర్చోబెట్టి దుత్తలూరు దారి పట్టాం. సగం దారిలో తలుపుల తాళాలు వాటంతట అవే పడటం, లేవడం మొదలుపెట్టాయి. మబ్బు తునకైనా లేని ఆకాశం కింద వైపర్లు అద్దం తుడవసాగాయి. అవ్వ కాళ్ళు పైకి తీసుకుని, "నాయనా, కింద తేమగా ఉండాది. నీ బండిలో ఊట పుట్టినట్టుండాది" అంది.

ఆ ఏడు మా మెట్టప్రాంతంలో చినుకు రాలలేదు. బోర్లు ఎండిపోతున్నాయి. అటువంటి ఊళ్ళో నా బండిలో నీళ్ళు పడ్డాయి.

సోమవారం ఆత్మకూరులో బల్బు భాయ్ దగ్గరికి వెళ్ళాను. రెండు వైర్లకు తగిలించిన చిన్న బల్బుతో ఏ బండి రోగమైనా పట్టేస్తాడని అతనికి ఆ పేరు. ముందు సీటు ఎదుట, డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఫ్యూజుల పెట్టె విప్పి, బల్బు పెట్టి అన్నీ చూశాడు. అన్నీ వెలిగాయి. "బండిలో ఏం లేదు సార్" అన్నాడు. రెండో ఆదివారం మళ్ళీ అదే తంతు. సోమవారం మళ్ళీ ఏమీ లేదు. "సార్, బండి బాగానే ఉండాది. మీ ఆదివారంలోనే ఏందో ఉండాది" అన్నాడు భాయ్. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అవ్వ మరో అడుగు ముందుకు వేసింది. "ఆరు దినాలు పని జేసి ఏడో దినం విశ్రాంతి తీసుకోమని దేవుడు జెప్పినాడు. నీకంటే, మీ నాయనకంటే ఆ బండికే వాక్యం బాగా తెలిసినాది."

నేను నోటుపుస్తకం తెరిచాను. తేదీ, దారి, ఎండ, బండిలో ఎవరెవరు ఉన్నారు, ఏ తేడా వచ్చింది అని గళ్ళు గీశాను. గళ్ళు నిండేకొద్దీ నా ముఖం వాడిపోయింది. లెక్కలన్నీ ఆదివారం వైపే వేలు చూపిస్తున్నాయి. భౌతికశాస్త్రంలో పట్టా ఉన్నవాడు ఆ మాట ఒప్పుకోగలడా?

మూడో ఆదివారం చర్చి బయట బండి నిలిపి లోపలికి వెళ్ళాం. పాస్టరు గారు కళ్ళు మూసుకుని దీర్ఘ ప్రార్థనలో ఉండగా హారన్ మోగడం మొదలైంది. నేను పరుగెత్తి బ్యాటరీ వైరు పీకేదాకా అది ఆగలేదు. నేను తిరిగి వచ్చేసరికి పాస్టరు గారు నిదానంగా, "మన మధ్య ఇంకెవరో కూడా గట్టిగా ప్రార్థన చేసినారు" అంటున్నారు. చిన్నవ్వతో సహా అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. తిరుగుదారిలో తడిసిన చీర అంచు పిండుకుంటూ, "నన్ను దించినాక ఇంక ఈ బండి ఎక్కమని అడగొద్దు నాయనా. ప్రార్థనలో నలుగురూ నా వైపే జూసినారు" అంది. పై ఆదివారం కోత పండుగ. ఆ రోజు అక్కాచెల్లెళ్ళు కలిసి పాడటం వాళ్ళ చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఈ రెండేళ్ళే తప్పింది. నాయన వెనక నుంచి తన తీర్పు చెప్పాడు. "కలువాయి రైతు ఒకాయన ఈ బండి అడుగుతుండాడు. పండుగ లోపల బాగయితే సరి. లేకపోతే సోమవారం ఆయన చేతికి తాళాలిచ్చేస్తా. నీ ప్రయోగాలకి మా అమ్మ కాళ్ళే దొరికినాయా?"

నాకు ఒక్క వారం మిగిలింది. ఆ దారిలోనే మొదటి నమూనా సేకరించాను. డ్యాష్‌బోర్డు కింద నుంచి చుక్కలు రాలుతున్న చోట పట్టమని అవ్వ చేతికి స్టీలు గ్లాసు ఇచ్చాను. "నన్ను ఈతచెట్టుకి కట్టిన కల్లుకుండని చేసినావు గదరా" అంటూనే ఉదయగిరి దాకా వంగి పట్టింది. ఇంటికి రాగానే ఆ నీటిని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రేడియేటరు నీరైతే రంగు, వాసన ఉండాలి. ఇందులో రెండూ లేవు. పైగా మా బోరు నీటి ఉప్పదనం కూడా లేదు.

మంగళవారం పైకప్పును పరీక్షించాను. నాయనను లోపల కూర్చోబెట్టి, అద్దాలు బిగించి, కాళ్ళ దగ్గర పాత పేపర్లు పరచి, బయటి నుంచి పది బకెట్లు పోశాను. వీధి కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలమది. ఖాళీ బిందెలతో వెళుతున్న పక్కింటి ఆమె నిలబడి, "ఏంది సారూ, మడుసులకి లేని నీళ్ళు బండికి తానం పోస్తుండావు?" అంది. సిగ్గుతో తల వంచుకున్నాను గానీ బకెట్టు దించలేదు. పేపర్లు ఎండుగానే ఉన్నాయి. లోపల తడిసింది మా నాయన చొక్కా ఒక్కటే, అది కూడా చెమటతో.

బుధవారం ప్రయోగశాలలో రెండు పింగాణీ గిన్నెలు తీసుకుని, ఒకదానిలో మా బోరు నీరు, మరొకదానిలో బండి నీరు పోసి మరిగించాను. బోరు గిన్నెలో తెల్లటి పొర మిగిలింది. బండి గిన్నె కడిగి తుడిచినట్టు మిగిలింది. అందులో ఏమీ కరిగి లేదు. చినుకే పడలేదు గనుక అది వాన నీరు కాదు, బోరు నీరూ కాదు. చుట్టుపక్కల ఎక్కడా దొరకనంత స్వచ్ఛమైన నీరు నా బండిలో, అదీ ఆదివారాల్లో మాత్రమే ఊరుతోంది. ఆ నిమిషంలో అవ్వ చెప్పిన కారణం నాకు కొంచెం దగ్గరగా వచ్చి కూర్చుందని ఒప్పుకోక తప్పదు.

శనివారం నోటుపుస్తకం చంకలో పెట్టుకుని బల్బు భాయ్ ముందు నిలబడి నా పరిశోధనంతా వినిపించాను. అతను టీ తాగుతూ ఓపికగా విన్నాడు.

"అంటే బ్యాటరీలో పోసే నీళ్ళ మాదిరి. ఆవిరి నుంచి దిగిన నీళ్ళు" అన్నాడు. "ఏసీ ఎప్పుడు వేస్తారు సార్?"

"ఆదివారం మాత్రమే. అవ్వకు ఉక్కపోత పడదు."

భాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "సార్, చల్లటి గ్లాసు బయట నీళ్ళు ఎట్టా పడతాయో మీరు పిల్లకాయలకి చెబుతారా, లేదా?"

చెబుతాను. ఆ వారమే, ఐసు ముక్కలు వేసిన గ్లాసు బల్ల మీద పెట్టి మరీ చెప్పాను. గాలిలోని ఆవిరి చల్లని లోహాన్ని తాకి నీరవుతుంది. ఏసీలో జరిగేదీ అదే. ఆ నీరు బయటికి పోవడానికి ఒక దారి ఉండాలి.

భాయ్ ఏసీ వేసి అరగంట నిలబెట్టమన్నాడు. తరవాత గోనెసంచి పరచుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి కింద నుంచి మాట వినిపించింది. "సార్, నీళ్ళు బయటికి పోయే పైపుకి ఎవడో బిరడా కొట్టినాడు. పైన తీగ గూడా చుట్టినాడు. అందుకే నీళ్ళు లోపల పొంగి ఫ్యూజుల పెట్టె మీద పడతా, సోమవారానికి ఆరిపోతా ఉండాయి. ఎవడు సార్ ఆ తెలివైనోడు?"

నేను ఎదురుగా ఉన్న గోడ మీది రంగును పరిశీలిస్తూ ఉండిపోయాను. కింద టప్పున శబ్దం, వెంటనే నీళ్ళు పడిన చప్పుడు, తుమ్ము వినిపించాయి. గడ్డం నుంచి నీళ్ళు కారుతూ భాయ్ బయటికి వచ్చి, బిరడాను వెలుతురులో పెట్టి చూశాడు. ప్రయోగశాల వస్తువులు, నా నోటుపుస్తకాలు పోకుండా ప్రతిదాని మీదా ఒకే తీరులో నంబరు వేయడం నా పద్ధతి. "దీని మీద నంబరు ఉండాది సార్" అని, నా చంకలోని పుస్తకం అట్ట మీది అంకెల వైపు, మళ్ళీ బిరడా వైపు చూశాడు. ఇంకేమీ అనలేదు. ఆ మర్యాదను నేను ఈనాటికీ మరచిపోలేదు.

ఈ కథ రోడ్డు దాటి తెల్లచొక్కా చెవిన పడటానికి పది నిమిషాలు పట్టింది. అతనే వచ్చాడు. నేను తప్పు ఒప్పుకున్నాను. ఏసీ ఆపినా కారడం వెంటనే ఆగదనీ, లోపల చేరిన నీరంతా పోవడానికి సమయం పడుతుందనీ, నేను రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశాననీ అన్నాను. అతను నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. "ఆ బండి గురించి నేను చెప్పిన నిజం అదొక్కటే సార్. దాన్నే మీరు నమ్మలేదు."

ఆదివారం అవ్వను ఒప్పించడానికి శాస్త్రం ఏమీ పనిచేయలేదు. తెల్లవారి నుంచీ వివరించాను. చివరికి ఆమె వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చుకుని, "నువ్వు జెప్పింది గాదు, ఇది జెప్పింది నమ్ముతా" అని పీట మీదుగా ఎక్కి, గ్లాసును కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఏసీ నిండుగా వేశాను. తాళాలు కదల్లేదు, వైపర్లు లేవలేదు. చర్చి ముందు దిగి, చూడటానికి వచ్చిన చిన్నవ్వ ఎదుట అవ్వ గ్లాసును బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని లోపలికి వెళ్ళబోతూ ఉండగా అవ్వ ఆగి, వెనక్కి తిరిగి, దుమ్ములో రూపాయంత తడిమచ్చను చూసింది.

"అబ్బయా, కింద కారతా ఉండాది."

"కారితేనే మంచిది అవ్వా."

"ఎవరు జెప్పినారు?"

"బండి అమ్మినాయన."

"నువ్వు నమ్మినావా?" అని అవ్వ ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది. లోపల అక్కాచెల్లెళ్ళు పాట ఎత్తుకున్నప్పుడు నేను గుమ్మం దగ్గరే నిలబడి, ఒక చెవితో పాట వింటూ, రెండో చెవిని హారన్ వైపు వేసి ఉంచాను. బండి మౌనంగా విన్నది.

కలువాయి రైతు వేరే బండి కొనుక్కున్నాడు. ఆ బిరడా ఇప్పుడు నా బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంది. మొన్న పుస్తకాలు సర్దుతుంటే ఆనాటి నోటుపుస్తకం బయటపడింది. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, తేదీ, దారి, ఎండ, మనుషులు, అన్నీ ఎంత నిష్ఠగా నింపాడో ఆ కుర్రవాడు. ఏసీ వేశానా లేదా అన్న గడి లేదు. 'బండికి నేనేం చేశాను' అన్న గడి అసలే లేదు. పెన్సిలు తీసుకుని ఆ చివరి గడి గీశాను. అందులో నంబరుతో సహా బిరడా అని రాసి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, కాసేపు ఆ కుర్రవాడితో కలిసి నవ్వుకున్నాను.